370జెడ్‌లో టైర్ ప్రెషర్ లైట్ ఆరడం లేదు, సెన్సర్ మార్చాలా, బాక్సా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నెల్లూరు నుంచి ఒక మిత్రుడు చెన్నైలో 2010 మోడల్ నిస్సాన్ 370జెడ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. స్టార్ట్ చేయగానే టైర్ ప్రెషర్ లైట్ ఒక నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉంటోంది. గాలి నాలుగు టైర్లలోనూ బాగానే ఉందట. ఒక షాపులో "ఒక సెన్సర్ పోయింది, అదొక్కటి వేస్తే చాలు" అన్నారు. ఇంకో షాపులో "కంప్యూటర్ బాక్సే పోయింది" అన్నారు. ఎవరి మాట నమ్మాలి అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. బాక్స్ జోలికి ఇప్పుడే పోవద్దు. సెన్సర్ల లోపలి బ్యాటరీలు అయిపోయి ఉంటాయి. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చండి, అదీ టైర్లు మార్చే రోజునే. అప్పటిదాకా ఒక మంచి గేజ్ కొనుక్కుని వారానికోసారి గాలి చూసుకోండి. ఆ లైట్ వల్ల ఇంజన్‌కి ఏమీ కాదు.

నాకు హైవే పక్కన టైర్లు, వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. మా నాన్న లారీల పంచర్లు వేసిన చోటే నేను కంప్యూటర్ బ్యాలెన్సింగ్ పెట్టుకున్నాను. చెన్నై, విజయవాడ మధ్య తిరిగే పెద్ద కార్లు ఇక్కడ ఆగుతుంటాయి కాబట్టి ఇలాంటి కేసులు చేతికి తగులుతూనే ఉంటాయి. చేసి తెలుసుకున్నవి కొన్ని, చెడగొట్టి తెలుసుకున్నవి కొన్ని. రెండూ చెబుతాను.

లైట్ ఎలా వెలుగుతోందో చూడండి. మిణుకుమనకుండా స్టార్ట్ చేసినప్పటి నుంచీ నిలకడగా వెలిగితే గాలి తగ్గిందని అర్థం. ఒక నిమిషం మిణుకుమని తర్వాత నిలిచిపోతే గాలి సంగతి కాదు, "నాకు సెన్సర్ మాట వినబడటం లేదు" అని కారు చెబుతున్నట్టు. ఇది అమెరికా నిబంధన నుంచి వచ్చిన అలవాటు. 2000లో అక్కడ ట్రెడ్ అనే టైర్ల భద్రత చట్టం వచ్చింది, ఆ తర్వాత 2007 సెప్టెంబర్ నుంచి తయారైన కొత్త కార్లన్నిటికీ ఈ లైట్ తప్పనిసరి అయింది. గాలి ఉండాల్సిన దానికంటే 25 శాతం తగ్గితే లైట్ వెలగాలి, సిస్టమే పాడైతే 60 నుంచి 90 సెకన్లు మిణుకుమని ఆపైన వెలుగుతూ ఉండాలి అని ఆ నిబంధనలో రాశారు. మీ కారు జపాన్‌లో తయారైనా ఆ పద్ధతే పాటిస్తుంది. కాబట్టి మీరు చెప్పిన లక్షణం ఒక్కటి చాలు, ఇది గాలి కేసు కాదు, సెన్సర్ మాట వినబడని కేసు అని.

అయినా "గాలి బాగానే ఉంది" అన్నారే, ఎప్పుడు చూశారు? పెట్రోల్ బంకులో ఆగి చూసి ఉంటే ఆ లెక్క పనికిరాదు. డ్రైవర్ డోర్ తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో రాసిన గాలి చల్లటి టైరుకి. 35 పీఎస్‌ఐ టైరు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.7 పీఎస్‌ఐ పెరుగుతుంది. మన ఎండల్లో మే నెల మధ్యాహ్నం ఒంగోలు నుంచి బయలుదేరి తంగుటూరు టోల్ దాటేసరికే టైరు చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. అప్పుడు 40 చూపించిందని గాలి తీసేస్తారు కొందరు. మర్నాడు పొద్దున చూస్తే టైరు మెత్తగా ఉంటుంది. తెల్లారి, బండి కదలకముందు, నీడలో చూడండి. బంకుల్లో వేలాడే గేజ్‌లు ఒక్కోటి ఒక్కో మాట చెబుతాయి. సొంత గేజ్ ఒకటి ఉంటే అది కాస్త తప్పు చూపించినా ఎప్పుడూ ఒకే తప్పు చూపిస్తుంది, దాన్ని బట్టి నడుచుకోవచ్చు.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. ఈ సెన్సర్ అనేది గాలి కొట్టే వాల్వ్‌కే లోపలి వైపు తగిలించిన చిన్న డబ్బా. 30 గ్రాములు ఉంటుందేమో. అందులో గాలిని కొలిచే చిప్, రేడియో, ఒక లిథియం బిళ్ల ఉంటాయి. తేమ పోకుండా మొత్తం జిగురులాంటి రెసిన్‌తో నింపి మూసేస్తారు. చక్రం తిరిగినప్పుడు మేలుకుని, నిమిషానికోసారి అటూఇటూగా తన నంబరు, గాలి ఎంతుందో రేడియోలో చెప్పి మళ్లీ నిద్రపోతుంది. అందుకే అంత చిన్న బ్యాటరీ ఏడేళ్లు, పదేళ్లు వస్తుంది. వేడి ఎక్కువైతే ఇంకా ముందే పోతుంది, మన ఊళ్ల వేడి గురించి మీకు చెప్పేదేముంది. మీ కారు వయసు ఎంతో లెక్క వేసుకోండి. సెన్సర్లు మొదటివే అయితే అన్నీ ఒకే రోజు ఫ్యాక్టరీలో ఎక్కినవి. ఒకటి పోయిందంటే మిగతా మూడూ దాని వెనకే వస్తాయి.

అందుకే "ఒక్కటి వేస్తే చాలు" అన్న మాట అబద్ధం కాకపోయినా మీకు లాభం లేని మాట. ఒక్కటి వేసినా టైరు ఊడదీయాలి, బిగించాలి, బ్యాలెన్సింగ్ చేయాలి. మూడు నెలలకు రెండోది, ఆర్నెల్లకు మూడోది. ప్రతిసారీ ఆ పొట్టి పక్కగోడ టైరును రిమ్ము మీద నుంచి లాగడం. 19 అంగుళాల రిమ్ముకి వెనక 275/35 టైరు అంటే పక్కగోడ రాయిలా ఉంటుంది, ఊడదీసిన ప్రతిసారీ రిమ్ము అంచు మీద గీత పడే ప్రమాదం ఉంది. ఇలా విడతలుగా చేయించుకున్న ఒకాయన చివరికి నాతో, "ఏందబ్బా, సెన్సర్ల కన్నా నీకిచ్చిన కూలే ఎక్కువయ్యేట్టు ఉండాదే" అన్నాడు. నిజమే.

బాక్స్ పోయిందన్న వాళ్ల సంగతి చూద్దాం. అది తేల్చడం పది నిమిషాల పని. టీపీఎంఎస్ (అంటే ఈ టైర్ ప్రెషర్ చూసే సిస్టమ్) ట్రిగ్గర్ టూల్ అని చేతిలో పట్టుకునే పరికరం ఒకటి ఉంటుంది. దాన్ని వాల్వ్ పక్కన పెట్టి నొక్కితే లోపలి సెన్సర్‌ని లేపి, దాని నంబరు, గాలి, వేడి, బ్యాటరీ సంగతి చదివి చూపిస్తుంది. నాలుగు చక్రాల దగ్గరా అలా చేయాలి. టూల్‌కి జవాబు ఇవ్వని చక్రం ఏదో అక్కడే సెన్సర్ చచ్చిపోయింది. నాలుగూ టూల్‌కి చక్కగా జవాబిచ్చి, కారు మాత్రం వినలేకపోతే అప్పుడు కారులో సెన్సర్ల మాట వినే రిసీవర్నీ వైర్లనూ అనుమానించాలి. ఈ టూల్ పెట్టకుండా "బాక్స్ పోయింది" అన్నవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. చెన్నైలోనే కాదు, నెల్లూరు, ఒంగోలులో కూడా కాస్త పెద్ద టైర్ షాపుల్లో ఇది ఉంటుంది. ముందు ఫోన్ చేసి "ట్రిగ్గర్ టూల్ ఉందా" అని అడగండి. తడబడితే ఇంకో షాపు చూసుకోండి.

నిజానికి సెన్సర్లు బాగుండి కారు వినకపోవడం నేను ఒక్కసారే చూశాను. అక్కడా బాక్స్ తప్పు లేదు. ఆ పెద్దమనిషి సిగరెట్ లైటర్ సాకెట్‌లో నాసిరకం చార్జర్ పెట్టి, దానికి ఇంకో రెండు పరికరాలు తగిలించుకున్నాడు. వాటి రొదలో పాపం సెన్సర్ల మాట కారుకి వినబడలేదు. అన్నీ పీకేసి ఓ అరగంట తిప్పి వస్తే లైట్ ఆరిపోయింది. మీరూ ముందు ఆ పని చేసి చూడండి, ఖర్చు లేనిది.

ఇక సముద్రపు గాలి. మీరు నెల్లూరు అన్నారు కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. ఇస్కపల్లి వైపు రొయ్యల చెరువులున్న ఒక రైతు తన స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రోజూ చెరువుల గట్ల దాకా దాన్నే వేసుకుని వెళ్తాడు. చూస్తే నాలుగు వాల్వ్‌ల మీదా మెరిసే స్టీల్ క్యాపులు, చూడముచ్చటగా ఉన్నాయి. క్యాపు అంచు కింద మాత్రం ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి. సెన్సర్ వాల్వ్ అల్యూమినియంతో చేసింది. దాని మీద వేరే లోహం క్యాపు పెట్టి, మధ్యలో ఉప్పు తేమ చేరితే రెండూ అతుక్కుపోతాయి. నాకు అప్పుడు అంత తెలియదు. చేత్తో రాలేదని ప్లయర్ పెట్టి తిప్పాను. క్యాపు రాలేదు, వాల్వ్ మెడ విరిగింది. సుయ్‌మని గాలంతా పోయింది, బంగారంలాంటి సెన్సర్ దండగైపోయింది. డబ్బులు నేనే పెట్టుకున్నాను.

అప్పటి నుంచి నా దగ్గర నియమం ఒకటే: సెన్సర్ వాల్వ్‌కి ప్లాస్టిక్ క్యాపే, లోపల పిన్ను నికెల్ పూత ఉన్నదే. మామూలు ఇత్తడి పిన్ను వేస్తే అదీ అల్యూమినియంతో పడక లోపలే పట్టుకుపోతుంది. పంచర్ షాపులో ఎప్పుడైనా పిన్ను మార్చి ఉంటే ఖచ్చితంగా ఇత్తడిదే వేసి ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల డబ్బాలో ఉండేవి అవే. మైపాడు బీచ్‌కో, కొత్తపట్నానికో వెళ్లొచ్చిన రోజు చక్రాలు మంచినీళ్లతో కడిగించండి. వాల్వ్ మొదట్లో తెల్ల పొడి కనబడితే అతుక్కోవడం మొదలైందన్నమాట.

పంచర్ లిక్విడ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద రాతి పెచ్చులకు టైర్లు కోసుకుపోతుంటాయి. ఎందుకైనా మంచిదని టైరులో ముందే జెల్ పోయించుకుంటారు. సెన్సర్‌కి గాలి తగలడానికి సూది మొనంత కన్నం ఉంటుంది, జెల్ వెళ్లి దాన్ని మూసేస్తుంది. అలాంటి కారు ఒకటి వచ్చింది, టైరు సగం దిగిపోయి నేలకి ఆనుతోంది, టూల్‌లో మాత్రం 38 అనే చూపిస్తోంది. సెన్సర్ బతికే ఉంది, కన్నం మూసుకుపోయిన రోజున ఉన్న గాలినే ఇంకా చెబుతోంది. లైట్ వెలగలేదు కూడా. చచ్చిపోయిన సెన్సర్ కన్నా ఇది ప్రమాదం. మీ టైర్లు విప్పినప్పుడు లోపల పచ్చటిదో నీలిదో జిగట కనిపిస్తే పాత ఓనర్ పోయించాడని అర్థం. రిమ్ము పూర్తిగా కడిగాకే కొత్త సెన్సర్ పెట్టించండి.

సెన్సర్ కొనేటప్పుడు మూడు దారులున్నాయి. కంపెనీదే తెప్పించుకోవడం ఒకటి, ఖరీదు ఎక్కువ, పాత మోడల్ కాబట్టి రావడానికి రోజులు పడుతుంది. రెండోది, ఏ కారుకైనా ప్రోగ్రామ్ చేసుకునే యూనివర్సల్ సెన్సర్. ఆటెల్ లాంటి వాళ్లవి దొరుకుతాయి. నేను ఎక్కువగా వేసేవి ఇవే. మూడోది, వాల్వ్ క్యాపు స్థానంలో బయట బిగించేది, దాంతోపాటు డాష్‌బోర్డ్ మీద పెట్టుకునే చిన్న స్క్రీన్. ఇది కారు సిస్టమ్‌తో మాట్లాడదు, కాబట్టి మీ లైట్ ఆరదు. గాలి మాత్రం చూపిస్తుంది. టైర్లు మార్చేదాకా తాత్కాలికంగా వాడుకోవచ్చు. దొంగలు విప్పుకుపోవడం, అల్యూమినియం వాల్వ్‌కి అతుక్కుపోవడం ఈ మూడో దానికి రెండు జబ్బులు.

ఆర్డర్ పెట్టేముందు ఫ్రీక్వెన్సీ చూడండి. ఈ సెన్సర్లు కొన్ని దేశాల కార్లలో 315 మెగాహెర్ట్జ్ మీద, కొన్నిటిలో 433 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. అమెరికా కార్లలో ఎక్కువగా 315, యూరప్‌లో 433. ఒక సంక్రాంతికి ఒకాయన కొడుకు అమెరికా నుంచి వస్తూ నాలుగు ఒరిజినల్ సెన్సర్లు సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు, ఇక్కడికన్నా చవకని. అచ్చం పాతవాటిలాగే ఉన్నాయి, చక్కగా బిగిశాయి. కారు మాత్రం ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. కారు 433 వింటోంది, అవి 315లో మాట్లాడుతున్నాయి. పండగ పూట ఆ తండ్రీకొడుకులు షాపు ముందు కుర్చీల్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. మీ కారుది ఏదో ఊహించొద్దు, ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పింది నమ్మొద్దు. బతికున్న పాత సెన్సర్ ఒకటైనా ఉంటే టూల్ చెబుతుంది, లేదా విప్పిన సెన్సర్ ఒంటి మీదే రాసి ఉంటుంది.

నిస్సాన్‌లో ఇంకో మెలిక ఉంది. కొన్ని కార్లు కొత్త సెన్సర్లని కాసేపు నడిపితే వాటంతట అవే నేర్చుకుంటాయి. మీదానిలో నాలుగు సెన్సర్ల నంబర్లూ స్కానర్ పెట్టి కారుకి నమోదు చేయాలి. లేకపోతే కొత్తవి బాగున్నా లైట్ మిణుకుమంటూనే ఉంటుంది. "కొత్తవి వేసినా ఆరలేదు, కాబట్టి బాక్సే" అనే మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. దీనికి మేం వాడే చిట్కా ఏమిటంటే, యూనివర్సల్ సెన్సర్‌లోకి పాత సెన్సర్ నంబరునే ఎక్కించడం. దీన్నే క్లోన్ చేయడం అంటాం. కారుకి పాత సెన్సరే తిరిగి మాట్లాడినట్టు ఉంటుంది, స్కానర్ అవసరం పడదు. పాతది చచ్చిపోయినా పర్వాలేదు, దాని మీద అంకెలు, అక్షరాలు కలిపి నంబరు అచ్చువేసి ఉంటుంది, దాన్ని టూల్‌లో కొట్టుకోవచ్చు. కాకపోతే పాత ఓనర్ ఎప్పుడో సెన్సర్ మార్చి నమోదు చేయించకుండా వదిలేసి ఉంటే ఆ నంబరు కారుకి తెలియదు, అప్పుడు స్కానర్ తప్పదు. అందుకే పాత సెన్సర్లు షాపులో వదిలేయకండి. ఏది ఏ చక్రానిదో రాసి, నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

సెన్సర్ కోసి బ్యాటరీ ఒక్కటే మార్చుకోవచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉంటారు. వీడియోలు చాలా ఉన్నాయి. నేనూ చేశాను. బ్లేడుతో రెసిన్ గీకి, పాత బిళ్ల తీసి, కొత్త బిళ్లకి టంకం పెట్టి, మళ్లీ అరాల్డైట్ పోసి మూశాను. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. కారుకి బిగిస్తే పదిహేను రోజులు కూడా రాలేదు. విప్పి చూస్తే అరాల్డైట్ పగిలి టంకం ఊడొచ్చింది. తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది: గంటకి 100 కిలోమీటర్ల వేగంలో రిమ్ము మీద ఉన్న 30 గ్రాముల వస్తువుని బయటికి లాగే బలం నాలుగున్నర కిలోల బరువుకి సమానం. మీది నెమ్మదిగా నడిపే కారు కాదు. ఆ పని చేయించొద్దు.

టైరు విప్పేటప్పుడు మీరు పక్కన నిలబడండి. లారీ టైర్లకి అలవాటుపడ్డ చేతులు లీవర్ ఎక్కడ పడితే అక్కడ దూరుస్తాయి. బీడ్ (రిమ్ముకి పట్టుకునే టైరు అంచు) నొక్కే పార వాల్వ్ దగ్గరికి రాకూడదు, వాల్వ్‌కి ఎదురు వైపు నొక్కాలి. ఈ ఒక్క మాట చెప్పండి, పనివాడు తెలిసినవాడైతే "తెలుసన్నా" అంటాడు, తెలియకపోతే మీ మొహం చూస్తాడు. వాల్వ్ మొదట్లో ఉండే రబ్బరు వాషర్, నట్, పిన్ను ప్రతిసారీ కొత్తవి వేయాలి, నలిగిన రబ్బరు రెండోసారి గాలి ఆపదు. నట్‌ని పాన పెట్టి బలం కొద్దీ బిగించకూడదు, మెత్తటి అల్యూమినియం, మర పోతుంది. సెన్సర్ కంపెనీ చెప్పిన టార్క్‌కి చిన్న టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చివర్లో నాలుగు చక్రాలకీ బ్యాలెన్సింగ్ తప్పదు, కొత్త సెన్సర్ బరువు పాతదానితో సమానంగా ఉండదు.

నైట్రోజన్ కొట్టిస్తే సెన్సర్ ఎక్కువ రోజులు వస్తుందా అని కూడా అడుగుతుంటారు. రాదు.

అన్నిటికన్నా ముందు మీరు చూడాల్సింది ఇంకొకటుంది, మీ ప్రశ్నలో దాని ఊసే లేదు. టైర్ల వయసు. ఇలాంటి కార్లు ఎక్కువ తిరగవు, షెడ్డులోనే ఉంటాయి. నేలకి తగిలే ట్రెడ్ కొత్తగా కనిపిస్తుంది, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైంది. అది టైరుకి ఒక వైపే ఉంటుంది, లోపలి వైపుకి ఉంటే కారు లేపి చూడాలి. ఆరేళ్లు దాటి, పక్కగోడలో సన్నటి పగుళ్లు కనబడితే లైట్ ఆరినా ఆరకపోయినా ఆ టైర్లతో హైవే ఎక్కొద్దు. అలాగే స్టెప్నీ ఉందా లేదా కూడా చూసుకోండి. 2020లో మన దగ్గర నిబంధన మారాక టీపీఎంఎస్, పంచర్ కిట్ ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు. స్టెప్నీ లేని కారులో ఈ లైట్ పనిచేయడం ఇంకాస్త అవసరం.

మీ నాలుగు టైర్ల మీది ఆ నాలుగేసి అంకెలూ ఇక్కడ రాయండి. వాటితోపాటు వాల్వ్‌ల ఫోటో ఒకటి, క్యాపు తీసి. క్యాపు చేత్తో రాకపోతే మాత్రం ఆపేయండి, ప్లయర్ పెట్టొద్దు, అలాగే ఫోటో పెట్టండి. టైర్లు కొత్తవే అయితే ఈ వేసవి గేజ్‌తో నెట్టుకొచ్చేయమంటాను. పాతవైతే టైర్లతోపాటు సెన్సర్లు కూడా ఆర్డర్ పెట్టేసి ఒకేరోజు పని ముగించుకోండి.